పగలగొట్టడం ఆఖరి పని: పాత సీసాలను, గాజు పెంకులను ఇంట్లో ఎలా వాడుకోవాలి

ఖాళీ సీసాల మూటను మేడ మీదికి చేర్చి సుత్తి చేతికి తీసుకునే ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. పగిలిన గాజు మళ్లీ సీసా కావాలంటే దాదాపు 1,500 డిగ్రీల కొలిమి కావాలి. అది ఫ్యాక్టరీ చేసే పని, మన వల్ల అయ్యేది కాదు. అందుకే ఇంట్లో గాజును వాడుకోవడానికి ఒక వరుస ఉంది. సీసా సీసాగా పనికొచ్చినంత కాలం దానిని అలాగే ఉంచాలి, అలా పనికిరాకపోతే కోయాలి, కోయడానికి వీల్లేకపోతేనే పగలగొట్టాలి. పగిలిన తరువాత కూడా పెద్ద ముక్కకు ఒక పని, సన్న ముక్కకు ఒక పని, పొడికి ఇంకో పని ఉంటాయి. విజయవాడ సత్యనారాయణపురంలోని మా మేడ మీద నేను మొదటి ఏడాది ఈ వరుసను తలకిందులు చేశాను. ఉత్సాహం కొద్దీ అన్నిటినీ ముందే పగలగొట్టి, ఏం చేయాలో తెలియని రెండు గోనె సంచుల పెంకులను మెట్ల కింద మూడు నెలలు దాచుకున్నాను. మీకు ఆ తిప్పలు రాకుండా పనిని మొదటి నుంచి చెబుతాను.

ముందుగా వేరు చేయండి

నేల మీద గోనె పట్టా పరచి, తోలు చేతి తొడుగులు వేసుకుని, సీసాలను ఒక్కొక్కటిగా వేరు చేయండి. మనకు కావలసింది మామూలు సోడా సున్నపు గాజు. పచ్చడి సీసాలు, జామ్ సీసాలు, బీరు సీసాలు, బ్రాందీ సీసాలు, కిటికీ అద్దాలు అన్నీ ఆ జాతివే. ఈ గాజులో 70 శాతానికి పైగా సిలికా ఉంటుంది, మిగిలినదానిలో ఎక్కువ భాగం సోడా, సున్నం. గూడూరు దగ్గర చిల్లకూరు మండలంలో తవ్వే తెల్ల ఇసుకకు గాజు ఫ్యాక్టరీలలో గిరాకీ ఉండేది ఆ సిలికా కోసమే.

కొన్నింటిని ఈ పనిలోకి అసలు రానివ్వకండి. ట్యూబ్‌లైట్లలో, సీఎఫ్ఎల్ బల్బులలో పాదరసం ఉంటుంది కాబట్టి వాటిని పగలగొట్టడమే ప్రమాదం. పాత డబ్బా టీవీల పిక్చర్ ట్యూబులలో సీసం కలుస్తుంది (సీసాకూ సీసానికీ పేరులోనే పోలిక, గుణంలో కాదు). గుంటూరు వైపు పత్తి, మిరప చేలు ఉన్న ఇళ్లలో పురుగుమందు సీసాలు కూడా మూటలోకి వచ్చేస్తాయి. ఎన్నిసార్లు కడిగినా సరే, వాటిని పూలకుండీకైనా వాడకూడదు. పింగాణీ కప్పులు, సాసర్లు గాజు కావు కనుక వాటిని వేరుగా పెట్టండి.

కారు అద్దాల సంగతి కొంత వేరు. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది కాబట్టి మన చేతిలో విడివడదు, దానిని వదిలేయండి. పక్క అద్దాలు మాత్రం వేడిచేసి గబుక్కున చల్లార్చి గట్టిపరచినవి. వాటిని కోయలేరు, కోయబోతే అద్దమంతా ఒకేసారి శనగగింజలంత ముక్కలుగా రాలిపోతుంది. అయితే ఆ ముక్కల అంచులు సీసా పెంకులంత పదునుగా ఉండవు, సైజు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి మొజాయిక్ పనికి అవి బాగా పనికొస్తాయి. ఆటో నగర్‌లో బండ్ల అద్దాలు మార్చే వర్క్‌షాపులలో అడిగితే ఊడ్చి పెట్టిన సంచి ఇస్తారు. నల్ల ఫిల్మ్ అంటుకున్న ముక్కలను మాత్రం ఏరి పారేయండి.

సీసాను సీసాగానే

గోళీ సోడా సీసాను తలచుకోండి. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు 1872లో పేటెంటు పొందిన ఆ సీసా తాగాక కొట్టుకే తిరిగి వెళ్లి, కడిగించుకుని, నిండి, మళ్లీ వచ్చేది. ఇంట్లో మనం చేయదగ్గ మొదటి పని కూడా ఇదే.

వెడల్పు మూతి సీసాలను పచ్చళ్లకు సిద్ధం చేయాలంటే ముందు గోరువెచ్చని నీటిలో చాకలి సోడా కలిపి రాత్రంతా నానబెట్టండి. తెల్లారేసరికి లేబుల్ చాలావరకు తనంతట తానే ఊడుతుంది. మిగిలిన బంక మీద వంట నూనె, వంట సోడా కలిపిన ముద్దను రాసి పాత గుడ్డతో రుద్దితే వదులుతుంది. తరువాత పెద్ద గిన్నె అడుగున మడత గుడ్డ వేసి, దాని మీద సీసాలను పెట్టి, చన్నీళ్లు పోసి, పొయ్యి అప్పుడు వెలిగించండి. మరిగే నీటిలో చల్లటి సీసాను ముంచితే అడుగు ఊడిపోతుంది. మరగడం మొదలయ్యాక పది నిమిషాలు ఉంచి, దించి, అదే నీటిలో చల్లారనిచ్చి, శుభ్రమైన గుడ్డ మీద బోర్లించి, ఆపై ఒక రోజంతా ఎండలో పెట్టండి. ఆవకాయకు తడి తగిలితే ఏమవుతుందో మీకు నేను చెప్పనవసరం లేదు.

మూత దగ్గర జాగ్రత్త అవసరం. ఉప్పు, పులుపు రేకు మూతను తినేస్తాయి కాబట్టి మూతికి శుభ్రమైన గుడ్డ కట్టి దాని మీద మూత బిగించండి, లేదా కొత్త ప్లాస్టిక్ మూత కొనండి. పాత మూత లోపలి రబ్బరు పొర పట్టుకున్న వాసన వదలదు. సాస్ సీసా మూతతో మూసిన గోంగూర పచ్చడి మా ఇంట్లో ఎవరూ తినలేదు.

సన్న మూతి సీసాలలో మనీ ప్లాంట్ పెంచుకోవచ్చు. వారానికి ఒకసారి నీళ్లు పూర్తిగా పారబోసి, సీసా లోపలి గోడను బ్రష్‌తో రుద్ది, కొత్త నీళ్లు పోయండి. దోమ గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. పైపైన నీళ్లు కలపడం వల్ల లోపలి గోడకు అంటుకున్న గుడ్లు పోవు.

ఊరికి వెళ్లేటప్పుడు కుండీలకు నీళ్లందించడానికి 750 మిల్లీలీటర్ల సీసా మూతకు సన్నని మేకుతో ఒక రంధ్రం పొడిచి, నీళ్లు నింపి, తలకిందులుగా మట్టిలో నాలుగు అంగుళాలు దించండి. మట్టిని ముందే బాగా తడిపి ఉంచాలి, లేకపోతే ఎండిన మట్టి మొదటి గంటలోనే సీసాను ఖాళీ చేస్తుంది. తెల్ల సీసా వద్దు, గోధుమ రంగుదో ఆకుపచ్చదో వాడండి. నీళ్లు నిండిన తెల్ల సీసా ఎండలో భూతద్దంలా పనిచేసి ఎండుటాకులను కాల్చగలదు.

కోయడం

సీసాను నూలు దారంతో కోయవచ్చని చాలామంది చెబుతారు. దారాన్ని స్పిరిట్‌లో ముంచి, సీసాకు చుట్టి, అంటించి, మంట ఆరగానే నీటిలో ముంచితే దారం చుట్టిన చోట విరుగుతుందని దాని తర్కం. నేను ఏడు సీసాల మీద ప్రయత్నించాను. రెండు మాత్రం దారం వెంట విరిగాయి, నాలుగు పాము పాకినట్టు అడ్డదిడ్డంగా చిట్లాయి, ఏడోదాని మీది స్పిరిట్ చేతి తొడుగు మీదికి కారి అంటుకుంది. సీసా గోడ మందం చుట్టూ ఒకేలా ఉండదు కాబట్టి వేడి కూడా ఒకేలా పట్టదు. ఆ పద్ధతి జోలికి వెళ్లకండి.

సరైన పద్ధతికి అద్దాల కొట్టులో దొరికే చక్రం ఉన్న గాజు కట్టర్, కుట్టు మిషన్ నూనె, కళ్లకు గాగుల్స్ చాలు. సీసాను కడిగి పూర్తిగా ఆరబెట్టండి. రెండు చెక్క బద్దలను ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో మేకులతో బిగించి, ఆ గాడిలో సీసాను పడుకోబెట్టండి. సీసా అడుగు ఒక ఇటుకకు ఆనాలి. గీత పడాల్సిన చోట కట్టర్‌ను మరో చెక్క మీద కదలకుండా బిగించి, చక్రానికి ఒక నూనె చుక్క వేసి, కట్టర్‌ను కదపకుండా సీసానే నెమ్మదిగా తిప్పండి. గీత పడుతున్నప్పుడు ఎండిన తాటాకు మీద గోరు గీసినట్టు సన్నని చప్పుడు ఆగకుండా రావాలి. చప్పుడు మధ్యలో ఆగితే అక్కడ గీత పడలేదన్నమాట. ఒక చుట్టు తిరిగి గీత తన మొదటి కొసను కలవగానే ఆపేయండి. అదే గీత మీద రెండోసారి తిప్పితే చక్రం పాడవుతుంది, గీత పక్కన పగుళ్లు లేస్తాయి.

తరువాత ఒక పాత్రలో బాగా కాగిన నీళ్లు, మరో పాత్రలో చల్లటి నీళ్లు పెట్టుకోండి. సీసాను తిప్పుతూ గీత మీద మాత్రమే వేడినీటి ధార పది పదిహేను సెకన్లు పోసి, వెంటనే చన్నీళ్లు పోయండి. మామూలు గాజు వేడికి వ్యాకోచించి చలికి ముడుచుకునేటప్పుడు కలిగే ఒత్తిడి బలహీనమైన చోటు వెతుక్కుంటుంది, ఆ చోటు మీరు గీసిన గీతే. మూడు నాలుగు సార్లకు టక్కున విడిపోతుంది. మన బెజవాడలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒక చిక్కు ఉంది. మేడ మీది ట్యాంకు నీళ్లే స్నానానికి కాచినంత వేడిగా ఉంటాయి కాబట్టి కుళాయి కింద పెడితే చల్లదనం తగలదు, సీసా ఎంతకీ విడవదు. ఆ నెలలలో కుండలో నీళ్లు కానీ, ఫ్రిజ్‌లో నీళ్లు కానీ వాడండి. మొదట్లో కట్టర్‌నే తప్పుపట్టి నేను రెండు కట్టర్లు మార్చాను. తప్పు ట్యాంకుది.

కోసిన అంచు బ్లేడుతో సమానం. నున్నటి గ్రానైట్ బండ మీద నీళ్లు చల్లి, పెయింటర్లు వాడే వాటర్ పేపర్‌ను పరచి, సీసా అంచును దాని మీద ఎనిమిది అంకె రాసినట్టు తిప్పుతూ అరగదీయండి. మొదట 80 నంబరు, తరువాత 120, 220, చివరికి 400 వాడాలి. పొడిగా ఎప్పుడూ అరగదీయకండి, గాజు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అడుగు సమమయ్యాక లోపలి అంచును, బయటి అంచును విడివిడిగా ఏటవాలుగా అరగదీసి మొన తీసేయండి. పాత నైలాన్ మేజోడును అంచు మీదుగా లాగి చూడండి. దారం ఎక్కడా తగులుకోకపోతే పని అయినట్టు.

ఇలా కోసిన సీసా అడుగును తాగే గ్లాసుగా వాడమని చెప్పేవారు ఉన్నారు. నేను చెప్పను. కంటికి కనబడని బీటలు అంచులో మిగులుతాయి, అవి ఎప్పుడైనా పెచ్చుగా ఊడవచ్చు. పెన్నులు పెట్టుకోవచ్చు, మొక్క పెట్టుకోవచ్చు. అడుగు తీసేసిన పై భాగం కార్తీక మాసంలో మేడ మీది దీపానికి చక్కని చిమ్నీ అవుతుంది. ప్రమిద చుట్టూ మూడు పెంకు ముక్కలు పెట్టి వాటి మీద సీసాను నిలపండి. కింది సందు నుంచి గాలి లోపలికి వెళ్లి మూతి నుంచి వేడి బయటికి పోతుంది, దీపం కొండెక్కదు. వత్తి మంట గాజుకు తగలకుండా చిన్నదిగా ఉంచండి.

గోడలో వెలుతురు

ప్రహరీ గోడ కడుతున్నవారు, స్నానాల గది వెంటిలేటర్ స్థానంలో ఏదైనా పెట్టాలనుకునేవారు సీసాలనే ఇటుకలుగా వాడవచ్చు. సీసాను ఇటుకగా వాడాలన్న ఆలోచన కొత్తది కాదు. 1963లో హైనెకెన్ కంపెనీ నలుపలకల బీరు సీసాలను ఆ ఉద్దేశంతోనే తయారుచేయించింది. తిరువనంతపురంలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ గోడలలో వెలుతురు కోసం పాత సీసాలను పొదిగేవారు.

తొమ్మిది అంగుళాల గోడకైతే ఒకే కొలత ఉన్న రెండు సీసాల అడుగు భాగాలను నాలుగున్నర అంగుళాల చొప్పున కోసి, లోపల చెమ్మ ఏమాత్రం లేకుండా ఆరబెట్టి, కోసిన అంచులను ఎదురెదురుగా ఆనించి, వెడల్పు టేపుతో రెండు చుట్లు బిగించండి. చెమ్మ మిగిలితే ఆ సీసా జీవితాంతం లోపల మబ్బు పట్టి ఉంటుంది, తీసి తుడిచే వీలుండదు. మేస్త్రీ చేత ఒక్కొక్క సీసా చుట్టూ కనీసం అంగుళం మందాన సిమెంటు మాలు ఉండేలా పేర్పించి, రోజుకు రెండు మూడు వరుసలకు మించి లేపవద్దని చెప్పండి. గాజు నీళ్లు పీల్చదు కాబట్టి మాలు ఇటుక గోడలో బిగిసినంత త్వరగా బిగియదు. వ్యాకోచంలో గాజుకూ సిమెంటుకూ పెద్ద తేడా లేదు కనుక ఎండకు గోడ చిట్లుతుందన్న భయం అక్కరలేదు. అయితే ఇది బరువు మోసే గోడ కాదు. పైన స్లాబు కానీ దూలం కానీ ఆనే చోట సీసాలు పెట్టకండి.

పగలగొట్టడం, జల్లించడం

కోయడానికి పనికిరాని సీసాలు ఇప్పుడు మిగిలాయి. పగలగొట్టడానికి మందపాటి ఇనుప డ్రమ్ము, నేల గట్టిపరచడానికి వాడే దిమ్మిస కావాలి. సీసాల మూతలు, మూతి చుట్టూ ఉన్న అల్యూమినియం రింగులు తీసేసి, నాలుగైదు సీసాలను తడిపిన గోనె సంచిలో మూతి కట్టి డ్రమ్ములోకి దించి దిమ్మిసతో పోటు వేయండి. సంచి తడిగా ఉంటే ధూళి లేవదు. గాగుల్స్, ఎన్95 మాస్కు, బూట్లు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. పిల్లలను మేడ మీదికి రానివ్వకండి. నా చేతికి దెబ్బ తగిలింది పగలగొట్టేటప్పుడు కాదు, పని అయ్యాక తడి సంచిని చేత్తో దులిపేటప్పుడు. తడి గాజు ముక్క చర్మం మీద ఉన్నా కనబడదు. అందుకే సంచిని విదిలించకండి, తిరగేసి నీటితో కడగండి.

వచ్చిన ముక్కలను ఇసుక జల్లించే జల్లెడలతో మూడు రకాలుగా విడదీయండి. 6 మిల్లీమీటర్ల కన్నులున్న జల్లెడ మీద మిగిలినవాటిని మళ్లీ డ్రమ్ములో వేయాలి. 6కూ 3కూ మధ్య ఉన్నవి మొజాయిక్‌కు వస్తాయి. 3 మిల్లీమీటర్ల జల్లెడలోంచి కిందికి దిగింది గాజు ఇసుక, దానిని వేరే బకెట్‌లో పోయండి. మూడింటినీ చాకలి సోడా నీటితో విడిగా కడగండి. సీసాలో మిగిలిన తీపి, బీరు జిగట సిమెంటును సరిగా గట్టిపడనివ్వవు, చక్కెర అయితే మరీను.

మొజాయిక్ బండ

మన ఊళ్లలో పాత ఇళ్ల నేలలు చాలావరకు మొజాయిక్‌వే. పాలరాతి చిప్స్ బదులు గాజు ముక్కలు వేస్తే అదే పని, పాలిష్ అయ్యాక వెలుతురు పడిన చోటల్లా లోపలి నుంచి మెరుస్తుంది. ఒక చదరపు అడుగు బండతో మొదలుపెట్టండి. తులసి కోట చుట్టూ పరచడానికి, మొక్కల మధ్య అడుగు వేసే చోట వేయడానికి, బిందె పెట్టుకునే పీటగా అది పనికొస్తుంది.

ఇక్కడ ఒక రసాయన సంగతి తెలియకపోతే రెండేళ్లకు బండ పగుళ్లు తీస్తుంది. సిమెంటులోని క్షారం గాజులోని సిలికాను నెమ్మదిగా కరిగించి ఒక జిగురు లాంటి పదార్థాన్ని పుట్టిస్తుంది. అది చెమ్మ పీల్చి ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. రాయిలోని సిలికాతో ఇలా జరుగుతుందని కాలిఫోర్నియాలో థామస్ స్టాంటన్ అనే ఇంజినీరు 1940లో చూపించాడు. గాజులో అయితే సిలికా మరింత సులువుగా స్పందిస్తుంది. స్లాబుకో, పిల్లర్‌కో ఇసుక బదులు గాజు పెంకులు కలపకూడదని చెప్పేది ఇందుకే, ఎవరు చవక అని చెప్పినా వినకండి. చిత్రమేమిటంటే అదే గాజు 75 మైక్రాన్ల కన్నా మెత్తటి పిండి అయినప్పుడు గుణం మార్చుకుని, బూడిదలా సిమెంటుకు బలమిచ్చే పదార్థం అవుతుంది. కానీ అంత మెత్తగా ఇంట్లో విసరలేం, విసరడానికి ప్రయత్నించకూడదు కూడా.

ఈ ప్రమాదానికి విరుగుడు మన పక్కనే ఉంది. ఇబ్రహీంపట్నం దగ్గరి నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే ఫ్లైయాష్, అంటే బొగ్గు కాలగా మిగిలే సన్నటి బూడిద, క్షారాన్ని తన వైపు లాక్కుని, గాజు మీదికి పోనివ్వదు. చుట్టుపక్కల బూడిద ఇటుకలు చేసేవారి దగ్గర ఒక బకెట్ అడిగితే దొరుకుతుంది. అది దొరకకపోతే బజారులో పీపీసీ అని రాసి ఉన్న సిమెంటు బస్తా కొనండి. అందులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్ ముందే కలిసి ఉంటుంది.

అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళంన్నర లోతు ఉండే చెక్క అచ్చు చేయించి, లోపల వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయండి. ఒక వంతు పీపీసీ సిమెంటుకు మూడు వంతుల కృష్ణా ఇసుక కలిపి, నీళ్లు తక్కువగా వేసి, అంగుళం మందాన పోయండి. సగం పోశాక మధ్యలో కోళ్ల జాలీ ముక్క పరచి మిగిలింది పోయాలి. పైభాగం గరుకుగా ఉంచండి, తాపీతో నున్నగా చేయకండి. అది గట్టిపడకముందే, అంటే గంట లోపు, పై పొర వేయాలి.

పై పొరకు మూడు కప్పుల వైట్ సిమెంటులో ఒక కప్పు ఫ్లైయాష్ కలిపి, దానికి ఏడు కప్పుల గాజు ముక్కలు చేర్చండి. తెలుపు కాస్త మసకబారుతుంది, ఆకుపచ్చ సీసా ముక్కలకు ఆ మసకే అందం. నీళ్లు కొంచెం కొంచెంగా పోయాలి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలే కానీ వేళ్ల సందుల్లోంచి కారకూడదు. తొడుగు లేకుండా ఈ ముద్దను పట్టుకోకండి. చదరపు అడుగు బండకు అర అంగుళం పొరలో సుమారు కిలోన్నర గాజు, అంటే మూడు బీరు సీసాల బరువు పడుతుంది. జల్లించేటప్పుడు సగం కిందికీ పైకీ పోతుంది కాబట్టి ఆరు సీసాలు పగలగొట్టుకోండి. పొరను పరిచాక చెక్క బద్దతో కొట్టి సమం చేసి, మీద మరో గుప్పెడు ముక్కలు చల్లి, గుండ్రటి గ్లాసో పైపు ముక్కో దొర్లించి లోపలికి నొక్కండి. సిమెంటు ఎక్కువ, ముక్కలు తక్కువ కనబడితే పాలిష్ చేశాక కూడా అలాగే ఉంటుంది.

ఎండ కాలంలో ఈ పనిని సాయంత్రం పూట పెట్టుకోండి. మధ్యాహ్నం పోసిన బండ రాత్రికల్లా వెంట్రుకవాసి బీటలు వేస్తుంది. మరునాడు సాయంత్రం అచ్చు విప్పి, బండ మీద తడి గోనె సంచి కప్పి, ఏడు రోజులు సంచి ఆరకుండా నీళ్లు పట్టండి. ఫ్లైయాష్ వేసిన సిమెంటు నిదానంగా బలం పుంజుకుంటుంది, ఓపిక ఉంటే పద్నాలుగు రోజులు పట్టండి.

అరగదీయడం మూడు విడతల పని. నేల పాలిష్ చేసేవారి దగ్గర దొరికే 60 నంబరు రాయితో, నీళ్లు పోస్తూ, పైనున్న సిమెంటు తోలు పోయి గాజు ముఖాలు కనబడే దాకా రుద్దండి. ఒక అడుగు బండకు చేత్తో గంటకు పైనే పడుతుంది, నాలుగు బండలున్నాయంటే పాలిష్ మేస్త్రీకి మిషన్ పని ఇచ్చేయడం మేలు. రుద్దాక సూదిమొనంత గుంటలు బోలెడు బయటపడతాయి. అదే వైట్ సిమెంటు, ఫ్లైయాష్ మిశ్రమాన్ని ముద్దగా కలిపి గుంటలలోకి పూసి, మూడు నాలుగు రోజులు మళ్లీ తడుపుతూ ఉంచి, 120 నంబరు రాయితో రుద్దండి. చివరిగా 220తో రుద్దితే చాలు. మొజాయిక్ పనివారు మెరుపు కోసం ఆక్సాలిక్ ఆమ్లం వాడతారు. అది విషం కాబట్టి ఇంట్లో వాడకుండా మైనం రాసుకోవడమే నయం.

బండను వాడకంలో పెట్టే ముందు అరిచేయి ఆనించి నాలుగు వైపులా తడమండి. బండ ముఖం మీద గాజు, సిమెంటు ఒకే మట్టానికి అరిగి ఉంటాయి కాబట్టి ఎక్కడా గుచ్చుకోదు. పక్క అంచుల నుంచి మాత్రం ముక్కలు పొడుచుకు వస్తాయి. వాటిని రాయితో విడిగా రుద్దండి.

మిగిలిన ఇసుక, పెద్ద పెంకులు

3 మిల్లీమీటర్ల లోపు గాజు ఇసుకను కుండీ అడుగున పోస్తే నీళ్లు బాగా ఇంకిపోతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి సన్నటి మట్టిలోని నీళ్లు కింద గరుకు పొర తగలగానే అక్కడే ఆగిపోతాయి, వేళ్లు మరింత కుళ్లుతాయి. గాజు ఇసుకకు సరైన చోటు ఇంకుడు గుంత. అడుగున పెద్ద రాళ్లు, దాని మీద 40 మిల్లీమీటర్ల కంకర, ఆపై 20 మిల్లీమీటర్ల కంకర పరిచాక, పైన వేసే ఇసుకలో నాలుగు అంగుళాల మందాన ఈ గాజు ఇసుకను వాడండి. అది కుళ్లదు, నీటిలో కరగదు, మేడ మీది నుంచి వచ్చే వాన నీటిలోని చెత్తను ఆపుతుంది. పై పొర మీద వల పరచి, దాని మీద గులకరాళ్లు వేస్తే రేపు గుంత శుభ్రం చేసేవారి చేతులు తెగవు. గుంటూరు వైపు నల్లరేగడి నేల ఉన్నవారికి ఇంకుడు గుంత నిదానంగానే ఇంకుతుంది, అది గాజు తప్పు కాదు. ఈ నీళ్లు మొక్కలకు, భూమికి పనికొస్తాయి, తాగడానికి కాదు.

సంక్రాంతికి పిల్లలు ఈ పొడిని మాంజా కోసం అడుగుతారు, ఇవ్వకండి. గాజు పూసిన మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది.

ఇన్ని చేశాక కూడా కొన్ని పెంకులు మిగులుతాయి. వాటిని పాత సామాన్ల కొట్టుకు ఇవ్వండి. కొలిమిలో కొత్త ముడిపదార్థంతో పాటు పాత గాజు ప్రతి పది శాతం కలిసినప్పుడల్లా ఇంధనం రెండున్నర, మూడు శాతం ఆదా అవుతుంది, గాజు ఎన్నిసార్లు కరిగినా గుణం తగ్గదు. కాకపోతే రంగులు కలిసిపోతే తెల్ల సీసా తయారు కాదు కనుక తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగు పెంకులను మూడు సంచులలో వేరుగా ఇవ్వండి. పింగాణీ పెంకు ఒక్కటి కలిసినా కరగకుండా కొత్త సీసాలో రాయిలా మిగిలిపోతుంది. వేడి తట్టుకునే బోరోసిల్ రకం గాజు కూడా మామూలు గాజుతో పాటు కరగదు, దానిని పక్కన పెట్టండి. కొట్టుకు వెళ్లే వీలు లేక చెత్త బండికి ఇవ్వాల్సి వస్తే పెంకులను అట్టపెట్టెలో వేసి, టేపుతో మూసి, పైన పెద్ద అక్షరాలతో 'గాజు పెంకులు' అని రాసి, బండి అతని చేతికే ఇచ్చి నోటితో కూడా ఒక మాట చెప్పండి. రాసింది చదవకుండానే సంచిని కాలితో నొక్కి సర్దడం వారికి అలవాటు.